గుండె లయకు మందు, ఊపిరితిత్తులకు గండం: అమియోడరోన్ చేటును కోత లేకుండా గుర్తించే పద్ధతులపై సమీక్ష

గుండె లయ తప్పినప్పుడు దానిని తిరిగి దారిలో పెట్టే మందుల్లో అమియోడరోన్ అంత బలమైనవి అరుదు. గుండె జబ్బుకు వాడే మందుల్లో ఊపిరితిత్తులను నేరుగా దెబ్బతీసేవాటిని లెక్కిస్తే అక్కడా మొదట చెప్పవలసిన పేరు అదే. ఒకే మాత్రకు ఈ రెండు గుణాలూ ఉండటం వల్ల, దానిని వాడుతున్న మనిషికి పొడిదగ్గు, ఆయాసం మొదలైనప్పుడు వైద్యుడి ముందు చిక్కైన ప్రశ్న నిలుస్తుంది. ఆ ఆయాసానికి కారణం ముదిరిన గుండె జబ్బా, క్షయ లేదా నిమోనియా వంటి సంక్రమణమా, లేక గుండెను కాపాడుతున్న ఆ మందేనా? మొదటిదైతే మాత్ర కొనసాగాలి, రెండోదైతే వేరే మందులు తోడు కావాలి, మూడోదైతే మాత్రను ఆపాలి. ఊపిరితిత్తి నుంచి చిన్న ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద చూసే బయాప్సీ ఈ చిక్కును కొంతవరకు విప్పగలదు గాని, అమియోడరోన్ వాడుతున్నవారిలో ఛాతీ శస్త్రచికిత్స, ఆ సమయంలో ఇచ్చే అధిక గాఢత గల ఆక్సిజన్ తీవ్రమైన శ్వాస వైఫల్యానికి దారితీసిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి. పైగా ఈ రోగుల గుండె అప్పటికే బలహీనంగా ఉంటుంది. అందువల్ల శరీరాన్ని కోయకుండా, లోపలికి గొట్టాలు దించకుండా ఈ చేటును ఎంతవరకు గుర్తించవచ్చు అన్నది నాలుగు దశాబ్దాలుగా సాగుతున్న పరిశోధన. ఆ పరిశోధన ఎక్కడిదాకా వచ్చిందో, నంద్యాల జిల్లాలోని సంజామల వంటి మండల కేంద్రంలో ఉన్న రోగికి దానిలో ఎంత భాగం ఉపయోగపడుతుందో పరిశీలించడం ఈ సమీక్ష ఉద్దేశం.

అమియోడరోన్ చరిత్ర ఒక మొక్క దగ్గర మొదలవుతుంది. మధ్యధరా ప్రాంతంలో పెరిగే, జీలకర్ర, ధనియాల కుటుంబానికి చెందిన ఒక మొక్క గింజల్లోని ఖెల్లిన్ అనే పదార్థానికి గుండె రక్తనాళాలను వదులుచేసే గుణం ఉందని గమనించిన తరువాత, దానిని పోలిన పదార్థాల కోసం వెతుకుతూ బెల్జియంలోని లబాజ్ సంస్థ రసాయన శాస్త్రవేత్తలు 1961లో దీనిని తయారుచేశారు. మొదట ఇది ఆంజైనా, అంటే గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీనొప్పికి మందుగా యూరప్‌లో వాడుకలోకి వచ్చింది. లయ దోషాలను అదుపు చేసే గుణం దీనికి ఉందని ఆక్స్‌ఫర్డ్‌లో బ్రహ్మ సింగ్, వాన్ విలియమ్స్ కలిసి 1970లో ప్రకటించగా, అర్జెంటీనాకు చెందిన మౌరిసియో రోసెన్‌బామ్ బృందం 1970ల మధ్యలో రోగులకు ఇచ్చి ఆ గుణాన్ని నిరూపించింది. వాడకం పెరిగిన కొద్ది ఏళ్లలోనే, 1980 నాటికి, ఊపిరితిత్తులు దెబ్బతిన్న రోగుల వివరాలు వెలువడటం మొదలైంది. 1985లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిని అనుమతించినప్పుడు, ప్రాణాపాయం కలిగించే లయ దోషాలకు, అవి వేరే మందులకు లొంగనప్పుడు మాత్రమే వాడాలన్న షరతు పెట్టి, ఊపిరితిత్తుల ప్రమాదం గురించిన హెచ్చరికను మందు వివరాలతో జతచేసింది. ఆ షరతు కాగితం మీద ఉండగానే వాడుక విస్తరించింది. గుండె పై గదులు క్రమం లేకుండా అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు ఈనాడు ఇది ప్రపంచమంతటా విరివిగా రాసే మాత్ర.

ఈ మందు ఊపిరితిత్తులను ఎందుకు ఎంచుకుంటుందో తెలిస్తే నిర్ధారణ పరీక్షల తర్కం సులభంగా అర్థమవుతుంది. అమియోడరోన్ బరువులో దాదాపు 37 శాతం అయొడిన్. 200 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కదానిలో సుమారు 75 మిల్లీగ్రాముల అయొడిన్ ఉంటుంది. కొవ్వులో బాగా కరిగే పదార్థం కనుక ఇది రక్తంలో నిలవకుండా కొవ్వు, కాలేయం, ఊపిరితిత్తుల వంటి కణజాలాల్లోకి చేరి అక్కడే మకాం వేస్తుంది, మాత్ర ఆపిన తరువాత శరీరంలోని మందు సగానికి తగ్గడానికే సగటున రెండు నెలలకు దగ్గరగా పడుతుంది. కాలేయం దీనిని డెస్‌ఇథైల్ అమియోడరోన్ అనే మరో పదార్థంగా మారుస్తుంది. ఊపిరితిత్తుల్లో అది అసలు మందుకన్నా ఎక్కువగా పేరుకుంటుంది, ఎక్కువ చేటూ చేస్తుంది. ఊపిరితిత్తుల్లోని గాలిగదులు మూసుకుపోకుండా కాపాడే జిగురు పొరను తయారుచేసే కణాలను రెండో రకం కణాలు అంటారు. ఆ పొర ఎక్కువగా ఫాస్ఫోలిపిడ్‌లనే కొవ్వు పదార్థాలతో ఏర్పడుతుంది. వాడిపోయిన ఫాస్ఫోలిపిడ్‌లను కణంలోపలి లైసోజోమ్‌లనే సంచుల్లో కరిగించే ఎంజైమును అమియోడరోన్ అడ్డుకోవడం వల్ల, కరగని కొవ్వు పొరలుపొరలుగా పేరుకుని కణాలు నురగతో నిండినట్టు కనిపిస్తాయి. వీటినే నురగ కణాలు అంటారు. దీనికి తోడు కణాలకు నేరుగా జరిగే విషప్రభావం, కొందరిలో రోగనిరోధక వ్యవస్థ ప్రతిస్పందన కలిసి వాపుకు, ఆ పైన మచ్చ కట్టడానికి, అంటే ఫైబ్రోసిస్‌కు దారితీస్తాయి.

ఇక్కడ ఒక భేదాన్ని గట్టిగా పట్టుకోవాలి. నురగ కణాలు మందు ఆ కణజాలంలోకి చేరిందనడానికి గుర్తు. అవి ఏ ఇబ్బందీ లేకుండా మాత్ర వాడుతున్న వారిలో సుమారు సగం మందిలోనూ కనిపిస్తాయి. మందు చేరిన గుర్తు వేరు, మందు చేసిన చేటు వేరు. ఈ సమస్యపై ఇంతవరకు వచ్చిన ప్రతి పరీక్షనూ ఈ గీటురాయి మీద పెట్టి చూస్తే, కొన్ని చేరికను మాత్రమే చూపుతాయి, కొన్ని చేటును చూపినా దానికి కారకుడెవరో చెప్పవు. రెండింటినీ ఒక్కచోట నిరూపించే పరీక్ష ఇంతవరకు లేదు. కాబట్టి నిర్ధారణ ఎప్పుడూ అనేక ఆధారాలను కూడగట్టి, ఇతర కారణాలను ఒక్కొక్కటిగా పక్కకు తీసేసి చేరుకునేదే. రోగి నేటి పరిస్థితిని, మాత్ర మొదలుపెట్టక ముందున్న అదే రోగి పరిస్థితితో పోల్చగలగడం ఆ ఆధారాలన్నిటిలో విలువైనది, మన దగ్గర తరచు లోపించేదీ అదే.

ఎంతమందికి ఈ చేటు కలుగుతుందన్న లెక్క మోతాదును బట్టి మారుతుంది. రోజుకు 400 మిల్లీగ్రాములు, అంతకు మించి వాడిన తొలి దశాబ్దపు అధ్యయనాల్లో ఇది 5 నుంచి 15 శాతం వరకు కనిపించగా, ఈనాడు సాధారణమైన 200 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా తక్కువ మోతాదులో 1 నుంచి 2 శాతానికి దిగింది. అయితే తక్కువ మోతాదు పూర్తి రక్షణ కాదు, ఏళ్ల తరబడి సాగిన మొత్తం మోతాదు కూడా లెక్కలోకి వస్తుంది. అరవై ఏళ్లు దాటినవారికి, ముందే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ముప్పు ఎక్కువ. మాత్ర మొదలుపెట్టిన రెండు నెలల తరువాతే ఎక్కువ కేసులు బయటపడతాయి. నెమ్మదిగా ముదిరే దీర్ఘకాలిక వాపు సర్వసాధారణ రూపం. నిమోనియాను పోలిన గట్టిపడిన మచ్చలు, క్యాన్సరు గడ్డని భ్రమింపజేసే గుండ్రటి నీడలు, కొద్దిరోజుల్లోనే ప్రాణం మీదకు తెచ్చే తీవ్ర శ్వాస వైఫల్యం మిగతా రూపాలు. ఈ చివరి రూపంలో మరణాలు సగం దాకా ఉంటాయి.

ఇక మొదట ప్రస్తావించిన సంజామల నంద్యాల జిల్లాలో, నల్లరేగడి నేలల్లో శనగ పండే కోవెలకుంట్ల ప్రాంతానికి ఆనుకుని ఉంది. బనగానపల్లె, కొలిమిగుండ్ల, బేతంచెర్ల వైపు నాపరాయి గనులు, ఆ రాళ్లను కోసి నునుపు చేసే యూనిట్లు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. ఈ భౌగోళిక నేపథ్యం ఊపిరితిత్తుల నిర్ధారణలో పక్కన పెట్టదగింది కాదు. రాయి కోసినవారి ఊపిరితిత్తుల్లో దుమ్ము వల్ల ఏర్పడిన మచ్చలు, కట్టెల పొయ్యి పొగ పీల్చిన స్త్రీలలో వచ్చే శ్వాసనాళాల జబ్బు, ఎప్పుడో తగ్గిన క్షయ మిగిల్చిన పాత గాట్లు ఎక్స్‌రేలో ముందే ఉంటాయి. వాటి మీద కొత్త నీడ పడినప్పుడు ఏది పాతదో ఏది కొత్తదో చెప్పడానికి పాత ఫిల్మ్ తప్ప మరో దారి లేదు. భారతదేశపు రోగుల్లో మరో ప్రత్యేకత కూడా ఉంది: పాశ్చాత్య దేశాల్లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఎక్కువగా ముసలివారి జబ్బు కాగా, ఇక్కడ చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల గుండె కవాటాలు చెడిన వారిలో అది ఇంకా చిన్న వయసులోనే వస్తుంది. ఇండియన్ హార్ట్ రిథమ్ సొసైటీ నిర్వహించిన నమోదులో సుమారు సగం మందికి ఇదే మూలకారణం. ముప్పై, నలభై ఏళ్ల వయసులో మాత్ర మొదలుపెట్టినవారు దానిని దశాబ్దాల పాటు మింగవలసి రావచ్చు కనుక, మొత్తం మోతాదు సమస్య ఇక్కడ మరింత బరువైనది.

నిర్ధారణలో మొదటి సాధనం మాట. పొడిదగ్గు, నడిస్తే వచ్చే ఆయాసం, బరువు తగ్గడం, సన్నని జ్వరం, అప్పుడప్పుడు ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టు నొప్పి ఈ జబ్బు లక్షణాలు, వీటిలో ఒక్కటి కూడా దీనికే ప్రత్యేకం కాదు. స్టెతస్కోపుతో వింటే చిటపటలాడే శబ్దాలు వినిపిస్తాయి. ఊపిరితిత్తులకు మచ్చ కట్టే కొన్ని ఇతర జబ్బుల్లో కనిపించే గోళ్ల ఉబ్బు ఇందులో సాధారణంగా ఉండదు. నిర్ధారణ మొత్తం రోగి వాడుతున్న మాత్ర పేరు తెలియడం మీద ఆధారపడి ఉంటుంది. హైదరాబాదులోనో కర్నూలులోనో గుండె వైద్యుడు రాసిన మాత్రను రోగి "దడ మాత్ర" అని మాత్రమే చెబుతాడు. మందుల చీటీ ఇంట్లో ఉంటుంది, దగ్గుకు చూసే ఆర్‌ఎంపీకి గానీ, మండల కేంద్రంలోని వైద్యుడికి గానీ అది చేరదు. ఖాళీ మాత్రల అట్టనైనా వెంట తెమ్మని అడగడం ఖర్చు లేని పరీక్ష, దానికి సాటి రాగలది ప్రయోగశాలలో లేదు.

రక్త పరీక్షల్లో ఈఎస్‌ఆర్, అంటే ఎర్ర రక్తకణాలు పరీక్షనాళికలో అడుగుకు దిగే వేగం, ఈ జబ్బులో పెరుగుతుంది, కొందరిలో లక్షణాలు బయటపడకముందే పెరిగినట్టు గమనించారు. కానీ క్షయలోనూ, కీళ్లవాతంలోనూ, రక్తహీనతలోనూ అది పెరుగుతుంది కనుక ఒంటరిగా దానికి సాక్ష్యపు విలువ లేదు. గుండె గోడలు సాగినప్పుడు రక్తంలోకి విడుదలయ్యే బీఎన్‌పీ అనే పదార్థాన్ని కొలవడం ఎక్కువ ఉపయోగకరం: ఆయాసం తీవ్రంగా ఉండి బీఎన్‌పీ తక్కువగా ఉంటే గుండె వైఫల్యం కారణమయ్యే అవకాశం బాగా తగ్గుతుంది. అయితే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ దానంతటదే బీఎన్‌పీని కొంత పెంచుతుందన్నది మరువరాదు. జపాన్ పరిశోధకులు గుర్తించిన కేఎల్-6 అనే గ్లైకోప్రోటీన్ రెండో రకం కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరుతుంది, అమియోడరోన్ చేటులో అది పెరిగినట్టు, గుండె వైఫల్యంలోనూ మామూలు నిమోనియాలోనూ అంతగా పెరగనట్టు చిన్న అధ్యయనాలు చూపాయి. ఆశ కలిగించే సూచిక ఇది, కానీ మచ్చ కట్టే ఇతర ఊపిరితిత్తుల జబ్బులన్నిటిలోనూ పెరుగుతుంది, రోగుల సంఖ్య ఎక్కువగా ఉన్న అధ్యయనాలు ఇంకా కావాలి. జపాన్‌లో రోజువారీ పరీక్షగా ఉన్న దీనికి మన జిల్లా కేంద్రాల ప్రయోగశాలల్లో ఇంకా చోటు దొరకలేదు.

ఛాతీ ఎక్స్‌రే అందరికీ అందేది. మచ్చలుమచ్చలుగానో అంతటా పరచుకునో ఉండే నీడలు, కొన్నిసార్లు ఒకవైపే, తరచు కుడి ఊపిరితిత్తిలో ఎక్కువగా కనిపిస్తాయి. గుండె వైఫల్యంలో నీడలు రెండువైపులా సమంగా ఉండటం, గుండె పరిమాణం పెరగడం, నీరు తీసే ఫ్యూరోసమైడ్ మందుతో కొద్దిరోజుల్లోనే నీడలు తగ్గడం గమనించవచ్చు. ఈ చివరి అంశం ఒక పరీక్షే: మందు ఇచ్చి నాలుగైదు రోజుల తరువాత అదే ఎక్స్‌రే మళ్లీ తీస్తే, తగ్గని నీడ గుండెది కాదన్న అనుమానం బలపడుతుంది. కానీ ఎక్స్‌రే తొలి దశను పట్టలేదు. చేటు మొదలైన తరువాత కూడా అది మామూలుగానే కనిపించవచ్చు.

ఈ విషయంలో పరిశోధన అందించిన విలువైన సాధనం అధిక స్పష్టత గల సీటీ స్కాన్. పలుచని పొరలుగా తీసే ఈ చిత్రాల్లో అద్దం మీద ఆవిరి పట్టినట్టు కనిపించే మసక ప్రాంతాలు, మందమైన గీతలు, గట్టిపడిన మచ్చలు తొలి దశలోనే తెలుస్తాయి. వీటిని మించిన విశేషం సాంద్రత. సీటీ యంత్రం ప్రతి బిందువుకూ హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో ఒక అంకె ఇస్తుంది: నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, మృదు కణజాలానికి యాభై అరవై ప్రాంతం. అయొడిన్ బరువైన మూలకం కావడం వల్ల ఎక్స్ కిరణాలను ఎక్కువగా ఆపుతుంది. అమియోడరోన్ పేరుకున్న ఊపిరితిత్తి మచ్చలో ఈ అంకె 80 నుంచి 175 వరకు పలికినట్టు 1990లో వెలువడిన వర్ణనలు చూపాయి. కాలేయం కూడా 50, 60 మధ్య ఉండవలసింది 90 దాటి తెల్లగా మెరుస్తుంది. ఇక్కడ ముందు చెప్పిన భేదం మళ్లీ వర్తిస్తుంది. మెరిసే కాలేయం మందు చేరిందనడానికే గుర్తు. ఏ చేటూ లేని వారిలోనూ అది అలాగే ఉంటుంది. గట్టిపడిన ఊపిరితిత్తి మచ్చ స్వయంగా అధిక సాంద్రతతో ఉండటం మాత్రం మందుకు, గాయానికి ఒకే చోట సంబంధం చూపిస్తుంది కనుక, కోత లేని ఆధారాలన్నిటిలో నిర్ధారణకు అతి చేరువైనది ఇదే. సాంద్రత పెరగకపోయినంత మాత్రాన చేటు లేదని చెప్పలేము, మసకగా మాత్రమే ఉన్న ప్రాంతాల్లో ఈ కొలత పనికిరాదు.

ఈ సాంద్రత పరీక్షకు అదనపు ఖర్చు లేదన్న సంగతికి తగిన ప్రచారం రాలేదు. నంద్యాలలో ఏ కారణంతో తీసిన సీటీ అయినా, సిరలోకి రంగు మందు ఎక్కించకుండా తీసినదైతే, తెర మీద కాలేయం పైన, మచ్చ పైన చిన్న వలయం గీసి అంకె చదవడం ఒక నిమిషం పని. రంగు మందులోనూ అయొడినే ఉంటుంది కనుక దానిని ఎక్కించిన తరువాత తీసిన చిత్రంలో ఈ తేడా చెరిగిపోతుంది. అందుకే అమియోడరోన్ వాడుతున్న రోగిని స్కానింగుకు పంపే చీటీలో ఆ మాట రాయడం అవసరం. పదేపదే రక్తం ఎక్కించుకున్నవారిలో ఇనుము పేరుకుని కాలేయం తెల్లబడుతుందన్నది గుర్తుంచుకోవలసిన మినహాయింపు.

ఊపిరితిత్తుల పనితనాన్ని కొలిచే పరీక్షల్లో గొట్టంలోకి గట్టిగా ఊదే స్పైరోమెట్రీ చాలా చోట్ల దొరుకుతుంది, కానీ ఈ జబ్బులో తొలుత దెబ్బతినేది ఊదే బలం కాదు, గాలిగదుల గోడ గుండా వాయువు రక్తంలోకి దాటే శక్తి. దానిని డీఎల్‌సీఓ అనే పరీక్ష కొలుస్తుంది: అతి తక్కువ కార్బన్ మోనాక్సైడ్ కలిసిన గాలిని పీల్చి పది సెకన్లు బిగపట్టి వదిలితే, రక్తంలోకి ఎంత దాటిందో యంత్రం లెక్కిస్తుంది. మొదటి కొలతకన్నా 15 నుంచి 20 శాతం తగ్గితే అనుమానించాలి. ఈ పరీక్ష బలం కాదనే సమాధానంలో ఉంది: కొలత నిలకడగా ఉంటే చేటు ఉండే అవకాశం తక్కువ. తగ్గిందంటే మాత్రం గుండె వైఫల్యం, పొగతాగడం వల్ల వచ్చిన జబ్బు, రక్తహీనత, వీటిలో ఏదైనా కావచ్చు. రక్తంలో హిమోగ్లోబిన్ తక్కువైతే వాయువును అందుకునే చేతులు తక్కువైనట్టే కాబట్టి, రక్తహీనత విస్తారంగా ఉన్న పల్లె స్త్రీలలో హిమోగ్లోబిన్ కొలిచి సవరించని డీఎల్‌సీఓ అంకె తప్పుదారి పట్టిస్తుంది. లక్షణాలు, సీటీ మార్పులు లేకుండా అంకె ఒక్కటి తగ్గినందుకే ప్రాణాలు నిలుపుతున్న మాత్రను ఆపడం సమంజసం కాదన్నది చాలామంది నిపుణుల అభిప్రాయం. మాత్ర మొదలుపెట్టేటప్పుడు ఛాతీ ఎక్స్‌రే, డీఎల్‌సీఓతో కూడిన ఊపిరి పరీక్ష, ఆ తరువాత ఏడాదికొక ఎక్స్‌రే, లక్షణాలు కనిపిస్తే ఊపిరి పరీక్ష మళ్లీ చేయాలన్నది అమెరికాలోని హార్ట్ రిథమ్ సొసైటీ 2007 నాటి మార్గదర్శకాల సారం. డీఎల్‌సీఓ యంత్రం మన దగ్గర బోధనాసుపత్రులు, పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు దాటి రాలేదు. కనుక తొలి కొలత తీసుకునే బాధ్యత మాత్ర మొదలుపెట్టిన ఆ పెద్ద ఆసుపత్రిదే. రోగి సంజామలకు తిరిగివెళ్లాక ఆ అవకాశం చేజారిపోతుంది.

అణువైద్య పరీక్షలు ఈ సమస్యపై ఒకప్పుడు చాలా ఆశలు రేపాయి. గాలియం-67 అనే రేడియోధార్మిక పదార్థాన్ని సిరలోకి ఎక్కించి రెండు మూడు రోజుల తరువాత కెమెరాతో చూస్తే, వాపు ఉన్న ఊపిరితిత్తి వెలుగుతుంది; గుండె వైఫల్యంలో నిండిన నీరు వెలగదు. ఈ రెంటినీ వేరుచేయడంలో దాని తర్కం నిర్దుష్టమైనదే, కానీ క్షయ, నిమోనియా కూడా వెలుగుతాయి. పదార్థం ఖరీదు, నిరీక్షణ, సీటీ సాధించిన ప్రగతి కలిసి దానిని మరుగున పడేశాయి. టెక్నీషియం కలిపిన డీటీపీఏ ద్రావణాన్ని తుంపరలుగా పీల్పించి, అది ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఎంత వేగంగా జారిపోతుందో కొలిచే పరీక్ష మరొకటి. గాలిగది గోడ దెబ్బతింటే ఆ వేగం పెరుగుతుంది. పొగతాగేవారిలోనూ పెరుగుతుంది కాబట్టి అది చేటును చూపగలదే గాని కారకుణ్ణి పట్టివ్వలేదు. తిరుపతి స్విమ్స్, హైదరాబాదు నిమ్స్ వంటి సంస్థల్లో అణువైద్య విభాగాలున్నా, ఈ ప్రశ్న కోసం రోగిని అంతదూరం పంపవలసిన అవసరం నేడు అరుదు. గుండ్రటి నీడను క్యాన్సరేమోనని పెట్ స్కాన్‌కు పంపినప్పుడు కూడా జాగ్రత్త అవసరం. అమియోడరోన్ మచ్చ అక్కడ క్యాన్సరులాగే వెలగవచ్చు.

పల్లెకు దగ్గరగా వచ్చిన కొత్త సాధనం ఊపిరితిత్తుల అల్ట్రాసౌండ్. గర్భిణులకు చేసే స్కానింగు యంత్రంతోనే ఛాతీ మీద చూస్తే, ఊపిరితిత్తి అంచు నుంచి కిందికి దిగే నిలువు వెలుగు గీతలు కనిపిస్తాయి; వీటిని బీ-గీతలు అంటారు. గుండె వైఫల్యంలోనూ, మందు వల్ల వచ్చిన వాపులోనూ ఇవి ఉంటాయి. గుండె వైఫల్యంలో ఊపిరితిత్తి పొర గీత నున్నగా ఉండి, నీరు తీసే మందుతో గంటల్లో, రోజుల్లో బీ-గీతలు తగ్గుతాయి; వాపు, మచ్చ ఉన్నచోట ఆ పొర గీత గరుకుగా, తెగినట్టుగా ఉండి మందుకు కదలదు. సీటీకి పంపాలా వద్దా అన్న నిర్ణయానికి ఇది బాగా తోడ్పడుతుంది. ముక్కు లేదా నోటి ద్వారా గొట్టం దించి ఊపిరితిత్తిని సెలైన్‌తో కడిగి ఆ ద్రవాన్ని పరీక్షించే పద్ధతి పూర్తిగా కోతలేనిదే అయినా చొరబాటు లేనిది కాదు. దాని ప్రధాన ఉపయోగం సంక్రమణను తోసిపుచ్చడం, నురగ కణాలు అసలే లేకపోతే అమియోడరోన్ చేటు అనుమానాన్ని దాదాపు వదులుకోవడం.

క్షయ గురించి విడిగా చెప్పక తప్పదు. దగ్గు, బరువు తగ్గడం, సన్నని జ్వరం, ఎక్స్‌రేలో నీడ, ఈ నాలుగూ కలిసినప్పుడు మన దేశంలో వైద్యుడికి మొదట స్ఫురించేది క్షయే, అది స్ఫురించడం న్యాయమే. చిక్కు వచ్చేది కఫంలో క్రిమి దొరకకపోయినా ఎక్స్‌రే ఆధారంగా మందులు మొదలైనప్పుడు. క్షయ చికిత్సలో ప్రధానమైన రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను ఉత్తేజపరిచి అమియోడరోన్‌ను త్వరగా విచ్ఛిన్నం చేయిస్తుంది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, అసినోకౌమరాల్ మాత్రల ప్రభావాన్నీ తగ్గిస్తుంది. కవాటాలు చెడి, గుండె పై గదులు అదిరే రోగికి ఇది రెండు వైపుల నుంచి ముప్పు: లయ మళ్లీ తప్పవచ్చు, గడ్డ కట్టిన రక్తం మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. ఇంతలో ఊపిరితిత్తిని దెబ్బతీస్తున్న మాత్ర మాత్రం రోజూ కడుపులోకి పోతూనే ఉంటుంది. తప్పు రెండోవైపు జరిగినా అంతే ప్రమాదం: అమియోడరోన్ చేటుకు చికిత్స ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్, లోపల క్షయ ఉండగా దానిని ఇస్తే క్షయ చెలరేగుతుంది. కాబట్టి కఫాన్ని సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్షతో చూడటం ఈ నిర్ధారణలో అంతర్భాగం. క్రిమి జన్యుపదార్థాన్ని కొన్ని గంటల్లో పట్టుకునే ఈ పరీక్షలు జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద ఉచితం. అమియోడరోన్ చేటు నిర్ధారణకు ప్రభుత్వ వ్యవస్థలో పల్లెకు అతి చేరువగా ఉన్న యంత్రం క్షయ కోసం పెట్టినదే.

కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ కూడా ఇదేవిధంగా ఊపిరితిత్తులకు వాపు తేగలదు. వృద్ధుల్లో ఈ రెండు మాత్రలూ ఒకే డబ్బాలో ఉండవచ్చు కనుక డబ్బా అంతటినీ చూడటం మంచిది. ఇతర గుండె మందుల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. రక్తపోటుకు ఇచ్చే ఎనలాప్రిల్ రకం మాత్రలు పొడిదగ్గు తెస్తాయి గాని ఊపిరితిత్తిని పాడుచేయవు. టికాగ్రెలార్ ఆయాసం తెచ్చినా ఎక్స్‌రేలో మార్పు ఉండదు. బీటా బ్లాకర్లు ఉబ్బసం ఉన్నవారిలో శ్వాసనాళాలను బిగిస్తాయి. హైడ్రలజీన్, ప్రొకైనమైడ్ వల్ల లూపస్ వంటి జబ్బు వచ్చి ఊపిరితిత్తి పొర వాచవచ్చు. అయొడిన్ తీసేసి తయారుచేసిన డ్రోనెడరోన్ 2009లో వచ్చినప్పుడు ఈ సమస్య తీరిందనుకున్నారు, తరువాత దానితోనూ కొన్ని కేసులు నమోదయ్యాయి. చేటుకు మూలం అయొడిన్ ఒక్కటే కాదనడానికి అది సూచన.

సంజామల రోగి విషయంలో పరీక్షల వరస ఖర్చును, దూరాన్ని బట్టి సాగుతుంది. మాత్ర పేరు, ఎన్నేళ్లుగా, ఎంత మోతాదు అన్న వివరం, వేలికి తగిలించి ఆక్సిజన్ శాతం చూసే పరికరం, ఎక్స్‌రే, ఈఎస్‌ఆర్, హిమోగ్లోబిన్, కఫ పరీక్ష, నీరు తీసే మందుకు స్పందన, ఇవన్నీ కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ స్థాయిలోనే సాధ్యమయ్యే పనులు. అక్కడ అనుమానం బలపడితే నంద్యాలలో రంగు మందు లేని సీటీ, గుండె ఎకో చేయించవచ్చు. 2016లో మొదలైన నంద్యాల–యర్రగుంట్ల రైలు మార్గంలో సంజామలకు స్టేషను ఉంది, 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. డీఎల్‌సీఓ అవసరమైనప్పుడు కర్నూలు దాకా వెళ్లవలసి రావచ్చు. ఈ మెట్లలో ఏదీ అసాధ్యం కాదు. వీటి మధ్య కాగితం నడవకపోవడమే అడ్డంకి: ఒక ఆసుపత్రిలో తీసిన ఫిల్మ్ మరో ఆసుపత్రికి రాదు, మాత్ర మొదలుపెట్టిన నాటి ఎక్స్‌రే ఎక్కడుందో ఎవరికీ తెలియదు. దుష్ప్రభావాన్ని అనుమానించినప్పుడు 2010లో మొదలైన భారత ఔషధ భద్రతా కార్యక్రమానికి 1800-180-3024 నంబరులో తెలియజేయవచ్చు, రోగి గానీ కుటుంబసభ్యులు గానీ కూడా చెప్పవచ్చు. భారతీయ రోగుల్లో, ముఖ్యంగా చిన్న వయసులో ఏళ్ల తరబడి వాడేవారిలో, ఈ చేటు నిజంగా ఎంత ఉందో లెక్కకు రావాలంటే ఇలాంటి నివేదికలే ఆధారం.

చివరి ఆధారం కాలం ఇస్తుంది. గుండె వైద్యుణ్ణి సంప్రదించి, లయకు మరో ఏర్పాటు చేసి మాత్ర ఆపిన తరువాత, అవసరమైన వారికి రోజుకు 40 నుంచి 60 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టి, మందు శరీరం నుంచి ఆలస్యంగా పోతుంది కాబట్టి నెలల తరబడి, తరచు 4 నుంచి 12 నెలల వరకు, నెమ్మదిగా తగ్గిస్తారు. మాత్ర ఆపిన మొదటి వారాల్లో ఆయాసం ఇంకా పెరిగినంత మాత్రాన నిర్ధారణ తప్పని అనుకోరాదు. కణజాలంలోని నిల్వ అప్పటికీ పనిచేస్తూనే ఉంటుంది. స్టెరాయిడ్ త్వరగా తగ్గిస్తే నీడలు తిరగబెట్టడం, మోతాదు పెంచితే మళ్లీ తగ్గడం మందే కారణమన్న అనుమానాన్ని ఇంకా బలపరుస్తాయి. మళ్లీ అదే మాత్ర ఇచ్చి చూసే పరీక్షను ఎవరూ సిఫారసు చేయరు. రెండు మూడు నెలలకొకసారి తీసిన ఎక్స్‌రేలను వరసగా పెట్టి చూస్తే మసక క్రమంగా విడిపోతుంది. కాలేయపు సాంద్రత కూడా నెలల మీద తిరిగి మామూలు అంకెకు దిగుతుంది. వాపు స్థానంలో మచ్చ కట్టిన చోట నీడ మిగిలిపోతుంది, డీఎల్‌సీఓ పాత కొలతకు తిరిగి రాదు.